కాళమ్మ తీసిన బోల్టు

కోటిలింగం లారీ తోలడం మానేసి ఇంటికాడ ఉంటా ఒక పాత కారు కొన్నాడు. సరదాకి కాదు. భార్య నాగరత్తానికి కిడ్నీలు చెడినాయి, వారానికి రెండుసార్లు మార్కాపురం పోయి రక్తం కడిగించుకు రావాల. మన ఊరికి బస్సు లేదు, ఆటోలో ఆ గుంతల మీద ఆ మనిషి కూర్చోలేదు. ఆ కారే ఆమె ప్రాణం అనుకో. ఏమైందంటే, ఒక బుధవారం పొద్దున ఇంజను సలసలా కాగిపోయిందంట. నీళ్ల పంపు పోయింది. తెల్లారితే ఆసుపత్రి. కొత్త పంపు తెచ్చుకొని, నేనే మారుస్తాలే అని వాకిట్లోనే బానెట్ లేపినాడు. పాత పంపుకి నాలుగు బోల్టులు. మూడు వచ్చినాయి, నాలుగోది రాలేదంట. పానా వేసి తిప్పినాడు, రాలేదు. పానాకి పైపు తగిలించి ఊగినాడు, రాలేదు. ఇంకోసారి ఊగితే పానా జారి వేళ్ల మీద తోలు లేచిపోయింది, బోల్టు తల మూలలన్నీ అరిగి గోళీకాయ మాదిరి నున్నగా అయింది. ఇంక పానాకి దొరకదు. మెకానిక్కుకి ఫోన్ చేస్తే శుక్రవారందాకా కుదరదన్నాడంట. కోటిలింగానికి కోపమొచ్చి సుత్తి తీసుకున్నాడు, పంపునే పగలగొడతానని. నాగరత్తం వాచిన కాళ్లు చాపుకొని అరుగు మీద కూర్చోనుంది. "ఇంజను పగిలితే ఏం చేస్తావు? కాళమ్మత్తని పిలువు" అందంట.

కాళమ్మంటే మన కమ్మరి వీరాచారి పెళ్లామే, ఆయన పోయి ఆరేళ్లయింది. నలభయ్యేళ్లు ఆయన పక్కన తిత్తి ఊదిన మనిషి. కారులో ఏముంటదో ఆమెకి తెలవదు, ఇనుము తెలుసు. ఇక్కణ్ణించి నేను చూసిందే చెప్తున్నా, వినండి. వచ్చింది, బోల్టుని వేలితో తడిమింది, ఎన్నాళ్లయింది ఇది కదిలి అని అడిగింది. నేను కొన్నాక కదల్లేదత్తా అన్నాడు కోటిలింగం. "అయితే తొందరపెడితే విరుగుద్ది. నువ్వట్ట కూర్చో" అంది. ఆకురాయితో ఆ నున్నటి తలని అటొక పక్క, ఇటొక పక్క చదును చేసింది. గంట పట్టింది. దానికి సరిపడా చిన్న పానా సుత్తితో కొట్టి దిగేసింది. నిప్పంటుకోకుండా పెట్రోలు పైపు ఊడదీయించి, కారిన పెట్రోలు డబ్బాలో పట్టించి వీధిలో పెట్టించింది. అప్పుడు ఆ వాకిట్లోనే చిన్న కొలిమి రాజేసి, ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి, పట్టకారుతో తెచ్చి ఆనించింది. బోల్టుకి కాదయ్యా, బోల్టు చుట్టూ ఉన్న పంపుకి. "చుట్టూ వేడెక్కితే బొక్క వదులవుద్ది" అంది. బోల్టు అంచున మైనం ముక్క తాకించింది. మైనం కరిగి, మేం చూస్తా ఉండగానే, సందు కూడా కనపడని చోట నూనె మాదిరి లోపలికి పోయింది. మళ్లీ కాల్చింది, ఆనించింది, మైనం తాకించింది. మళ్లీ కాల్చింది, ఆనించింది, తాకించింది. అప్పుడు పానా పట్టి బిగించే వైపు తిప్పింది. "అత్తా, అటు బిగుస్తది" అన్నాడు కోటిలింగం. "తెలుసు. ముందు కదలనీ" అంది. వెంట్రుకంత అటు. వెంట్రుకంత ఇటు. కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది. పదిమందిమి ఉన్నాం అక్కడ, అందరం బానెట్ మీదికి వంగినాం. అటూ ఇటూ ఆడించి ఆడించి, బోల్టుని పూర్తిగా, ఎక్కడా విరక్కుండా, ఎర్రటి తుప్పుతో సహా తీసి కోటిలింగం చేతిలో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటా ఉండిపోయాడు. నాగరత్తమే, మజ్జిగ తాగి పో అత్తా అంది.

కొత్త పంపు బిగించినాక, పొద్దుగూకే లోపల కారు కదిలింది, తెల్లారి ఆమె ఆసుపత్రికి పోయింది. ఇన్నేళ్లుగా మీకు రాక్షసుల్ని చంపిన కథలు చెప్తానే ఉన్నా. వాటిల్లో ఒక్కటీ నేను చూడలేదు. ఇది చూశాను.