నా నోట్లోంచి గాలి గొట్టం లాగింది మా తమ్ముడే

నా పేరు గౌడెన్సియో ఇలగన్. వయస్సు యాభై ఆరు. వృత్తి సముద్రంలో దిగేవాళ్ల సామాను మరమ్మతు. బటాంగస్ రాష్ట్రం మబిని పట్టణంలో, అనిలావ్ తీరాన, మా తమ్ముడు ఎఫ్రెన్‌తో కలిసి డైవింగు షాపు నడుపుతున్నాను. ఈ ఉదయమే ఆసుపత్రి నుంచి వచ్చాను. ఇంటికి వెళ్లకుండా నేరుగా స్టేషనుకే వచ్చాను.

మంగళవారం మా ఆవిడ లిగాయా ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. ఎఫ్రెన్ నీళ్లలో నా నోట్లోంచి గాలి గొట్టం లాగేశాడని, చేతుల మీద కొట్టాడని, నన్ను చంపబోయాడని అందులో ఉంది. లాగింది నిజం. కొట్టింది నిజం. చంపబోయాడన్నది నిజం కాదు. అది చెప్పడానికే వచ్చాను.

రెగ్యులేటర్ అంటే గ్యాస్ బండకు ఉండేలాంటిదే. ట్యాంకులో బిగించి నింపిన గాలిని, మనిషి పీల్చుకోగలిగేలా తగ్గించి నోటికి అందిస్తుంది. లోపల ఇత్తడి, స్ప్రింగులు, కొన్ని వాషర్లు, పీల్చినప్పుడు లోపలికి వంగే ఒక రబ్బరు పొర ఉంటాయి. ఇత్తడి ఎన్నేళ్లయినా ఉంటుంది. రబ్బరు ఉండదు. మా షాపులో ఉన్న పాత రకానికి కంపెనీవాళ్లు రబ్బరు పంపడం మానేశారు. అప్పటి నుంచి నేను పూర్తిగా పాడైనవాటిలోంచి పొరలు తీసి, పనిచేసేవాటికి వేస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవైంది. అంతకు వారం ముందు డైవింగుకు వచ్చిన ఒక కొరియా ఆవిడ మా రెగ్యులేటర్ చేతిలోకి తీసుకుని చూసి, నవ్వి, పక్క షాపుకు వెళ్లిపోయింది. అది చూసి ఎఫ్రెన్ మనీలా వెళ్లి కొత్తవి తెచ్చాడు.

"పాతవి ఇక నీళ్లలోకి దిగవన్నా," అన్నాడు.

"ఎందుకు దిగవు? నిన్ననే ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని చూశా. గాలి వెన్నలా వస్తోంది."

"నువ్వు చూసింది బల్ల దగ్గర కూర్చుని. సముద్రం అడుగున కాదు."

"నీకు ఈత నేర్పింది నేనేరా."

"నేర్పావు. కాదన్నానా? ఆ రబ్బరు ఎక్కడ దొరుకుతుందో చెప్పు, చాలు."

"కొత్తవి మాత్రం పాడవ్వవా? డబ్బాలోంచి తీసిన రోజే గాలి కక్కినవి నా బల్ల మీదకి రాలేదా?" అన్నాను.

"పాడైతే ఇంకోటి కొంటాం."

"అదొక్కటే వచ్చు నీకు. కొనడం."

"తినేటప్పుడు ఏంటి మీ ఇద్దరి గోల," అని లిగాయా చేప ముక్కలు ఇద్దరి పళ్లాల్లోనూ వేసింది. ఇద్దరం తినలేదు.

మంగళవారం ఉదయం ఏడింటికి నేను షాపుకు వెళ్లేసరికి గోడకు ఉన్న కొక్కేలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎఫ్రెన్ పడవ దిగి వస్తున్నాడు. పాతవన్నీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో వేసి, రాయి కట్టి, పగడాల గట్టు అవతల లోతులో వదిలేశానని చెప్పాడు.

"అమ్మినా సరిపోయేది కదరా."

"అమ్మితే అవతలి షాపువాడు వాటితోనే జనాన్ని దింపుతాడు. పాడైతే నీ దగ్గరికే తెస్తాడు. నువ్వు మళ్లీ బాగుచేసి పంపిస్తావు. ఇది ఎప్పటికి అవుతుందన్నా?"

నాకు కోపం రాలేదు. బల్ల ముందు కూర్చున్నాను. ముందురోజు విప్పి పెట్టిన రెగ్యులేటర్ ఒకటి అక్కడే మిగిలి ఉంది. వెనిగర్‌లో నానబెట్టిన ఇత్తడి కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని బిగించాను. పొర వేసే ముందు వెలుతురుకు పట్టి చూశాను. అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది. కనిపించింది అనే రాయండి. ఒక్కసారి దిగి రావడానికి ఆగుతుందిలే అనుకుని వేశాను.

ఎఫ్రెన్ ట్యాంకులు నింపించడానికి వెళ్లినప్పుడు, చిన్న తెడ్డు పడవ వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. ఒంటరిగా దిగకూడదని కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనే చెబుతాను. పెట్టె ముప్పై మీటర్ల లోతులో, ఇసుక వాలు మీద పక్కకు ఒరిగి ఉంది. రాయి విప్పి పెట్టెను రెండు చేతులతో లేపాను. బరువుకు ఆయాసం వచ్చి గట్టిగా పీల్చాను. గాలితో పాటు ఉప్పునీళ్లు వచ్చాయి. మళ్లీ పీల్చాను. ఈసారి నీళ్లే ఎక్కువ. పొర చీలిపోయిందని తెలిసింది. అయినా పెట్టె వదల్లేదు. ఎందుకు వదల్లేదని సార్జెంట్ గారు అడిగారు. నాకు తెలియదు.

ఎఫ్రెన్ ఎప్పుడు దిగాడో చూడలేదు. నేను పడవ వేసుకుని వెళ్లానని లిగాయా చెప్పిందట. ఇద్దరూ పెద్ద పడవలో వచ్చారట. వాడు నా పక్కకు వచ్చి, తన కొత్త రెగ్యులేటర్‌కు ఆపదలో పక్కవాడికి ఇవ్వడానికి ఉండే రెండో గొట్టం నా నోట్లో పెట్టాడు. పెట్టెను నా చేతుల్లోంచి తన్నేశాడు. అది వాలు మీదుగా జారి ఇంకా లోతుకు పోయింది. నన్ను చొక్కా పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాడు.

పైకి వచ్చే ముందు, ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటకు పోవడానికి ఐదు మీటర్ల దగ్గర కాసేపు ఆగాలి. ఆగాము. నీళ్లు తేటగా ఉన్నాయి. పడవ అంచు మీద వంగి చూస్తున్న లిగాయా ముఖం కనిపించింది. తమ్ముడి గొట్టం నోట్లో పెట్టుకుని ఆమె ముందు తేలడం నాకు చిన్నతనం అనిపించింది. వాడిది ఉమ్మేసి నాది పెట్టుకున్నాను. ఇంత పైన పనిచేస్తుందనుకున్నాను. నోటి నిండా నీళ్లు వచ్చాయి. అప్పుడే వాడు నాది లాగేశాడు. తనది పెట్టబోతే నేను చేతులు అడ్డం పెట్టాను. చేతుల మీద కొట్టాడు. లిగాయా చూసింది అదే. నేను విదిలించుకుని ఒక్క ఊపున పైకి వెళ్లిపోయాను. అలా వెళ్లకూడదు. ఒంట్లో గాలి బుడగలు కట్టి, పడవలోనే పడిపోయాను. అందుకే మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఆ బుడగలు కరిగేలా గాలి ఒత్తిడి గదిలో పెట్టారు.

ఇక్కడికి వచ్చేటప్పుడు ఈ స్టేషను మెట్ల దగ్గర మా ఆవిడ ఆపింది.

"రబ్బరు సంగతి చెప్పావంటే ఈ తీరంలో నీ చేతికి ఎవరూ సామాను ఇవ్వరు. తెలుసా?"

"తెలుసు."

"మరి ఎట్లా బతుకుతాం?"

"ఎఫ్రెన్ ఉన్నాడుగా."

"వాణ్ణి లోపల వేయించింది నేనే కదయ్యా," అని అక్కడే కూలబడింది.

ఎఫ్రెన్‌ను ఊచల ఇవతల నుంచి చూశాను. గడ్డం పెరిగింది. "మళ్లీ వెళ్తావా ఆ పెట్టె కోసం?" అని అడిగాడు. వెళ్లనన్నాను. "తిన్నావా?" అని అడిగాడు.

ఇంకో విషయం రాయాలి. ఇది ఎవరూ అడగలేదు. నేను పాత పొరలు వేసింది మా షాపువాటికే కాదు. చర్చి వెనక నెనితా గారి షాపులో కొన్ని ఉన్నాయి. రేవు పక్కన జర్మనీ ఆయన దగ్గర ఒకటి ఉంది. వాళ్లకు చెప్పకుండానే వేశాను. రేపు శనివారం. మనీలా నుంచి జనం వస్తారు. తెల్లవారగానే పడవలు బయలుదేరతాయి. ఈ సాయంత్రమే జీపు ఇస్తే నేను కూడా వస్తాను. అవి ఏవో నేను చూపిస్తాను. వాటిని బాగుచేయమని ఎవరైనా అడిగితే, వద్దనే చెబుతాను.

నేను చెప్పింది సార్జెంట్ దిమాయుగా గారు రాసి, నాకు మెల్లగా చదివి వినిపించారు. ఇందులో నేను చెప్పని మాట లేదు, చెప్పిన మాటలో అబద్ధం లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు. బతిమాలింది మా ఆవిడ ఒక్కతే. కుడిచేతి వేళ్లకు స్పర్శ రాలేదు, కలం నిలవడం లేదు. కాబట్టి సంతకం బదులు వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
గౌడెన్సియో ఇలగన్