పరీక్షకు దాచిన డ్రమ్ము

హలో… ఆ, నేనే. సుధాకర్ కాకనే. చెప్పు పూజా… మేమేసిన గౌడవెల్లి రోడ్డు తారు రిపోర్టు వచ్చిందా?

ఏందీ… ఫెయిలా?

సరిగ్గ జూసినవా బిడ్డా? మీ ల్యాబుల మిషన్ ఖరాబైందేమో… నేను పంపింది అసలైన రిఫైనరీ తారు!

రోడ్డు పనిలకెళ్లి తీసిందేనా అంటవా… అది… మా అన్న బిడ్డవు, నీతోని దాచుడెందుకు. మా షెడ్డుల ఒక మంచి డ్రమ్ముంటది. పరీక్షకు ఎప్పుడు పంపినా దాంట్లకెళ్లే… రోడ్డుకా? రోడ్డుకు వేరే. కాలిన ఇంజన్ ఆయిల్ కలుపుతం, మంచిగ పారుతది… కోప్పడకు బిడ్డా, అందరు జేసేదే.

ఆఁ… అవును, తీసినప్పుడల్లా కాగబెడుతం. గడ్డగట్టి ఉంటది గద మరి… ఎన్నేండ్ల సందా? లెక్కెక్కడిది! ఏ రోడ్డుకైనా గదే డ్రమ్ము.

ఏందీ… కాగి కాగి మెత్తగుంచే నూనెలన్ని ఎగిరిపోయినయా?… అస్ఫాల్టీన్లా? అవేంది?… గట్టి నల్ల భాగమా. అదే ఎక్కువై తారు పెళుసైందా… అంటే ఉన్న ఒక్క మంచి సరుకును దాచి దాచి మేమే పాడు జేసినమా!

ఇగ నేనేం జెయ్యాలె? రేపే రోడ్డు ప్రారంభం. టెంట్లు గూడ ఏసినం. పాసైనట్టు రిపోర్టు రాకుంటే రోడ్డంత తవ్వి మళ్ల ఎయ్యమంటరు. నిజంగ భయమైతాంది బిడ్డా…

వేరే శాంపిలా? ఉంది, ఉంది! మా ఇంటి ముందట గదే రోడ్డు, అక్కడ తవ్వుకో. అక్కడికి మాత్రం కొత్తగ తెప్పించి అసలు తారే పొయ్యమన్న. మా మేస్త్రి పరమేష్‌కు ఒకటికి రెండుసార్లు చెప్పిన…

ఆ?… ఇంజనీరు సారు పొద్దున్నే అక్కడిది, మిగిలిన రోడ్డుది ముక్కలు తవ్వి తెచ్చిండా?… పరీక్ష గూడ అయ్యిందా?…

కాలిన ఆయిలా! మా ఇంటి ముందటనా!… మిగిలిన రోడ్డుల కంటె ఎక్కువనా?

వామ్మో! నా ఉప్పు తిని నన్నే ముంచిండు గద ఈ పరమేష్ గాడు! ఆ మంచి తారు ఎవ్వలకు అమ్ముకున్నడో. మనుషులల్ల నీతి లేకుంట పోయింది బిడ్డా. జనం నడిచే తొవ్వల కల్తీ జేస్తరా ఎవ్వలన్న? పాపం తగలదా?… రాయి! గట్టిగ రాయి రిపోర్టు. సంతకం బెట్టియ్యి, వాని మీద కేసు పెడత. మా ఇంటి ముందటి తారు పూర కల్తీ అని…

మిగిలిన రోడ్డా?… అది గూడ గట్లనే రాస్తవా?…

హలో… హలో… ఏం ఇనవడ్తలేదు బిడ్డా. శామీర్‌పేట దిక్కున్న, సిగ్నల్ లేదు… పెట్టేస్తున్న—