మామిడిపండు వాసన

చీమకుర్తిలో జూనియర్ కాలేజీ ఎదురుగా ఉన్న బడ్డీకొట్టు స్థలం ఆమెది. కొట్టు నడిపే అతను దరఖాస్తు పట్టుకుని పొద్దున్నే ఆమె ఇంటికి వచ్చాడు.

“సిగరెట్లు అమ్మాలంటే ఇకనించి లైసెన్సు ఉండాలంట పిన్నిగారూ. స్థలం మీది కాబట్టి ఇక్కడో సంతకం పెట్టండి.”

“పెట్టను.”

“అదేంటండీ, మీరు పండించేదీ పుగాకేగా.”

“పండిస్తాం. దానికి, ఆకు కాల్చే మా బ్యారన్‌కి ఎప్పుడో లైసెన్సు తీసుకున్నాం. నువ్వు ఒక్క పిల్లనైనా వయసెంతని అడిగావా?”

“కాలేజీ పిల్లలకి సిగరెట్లు ఇవ్వనండీ.”

“సిగరెట్లు కాదు. పెన్నులా ఉండి పళ్ల వాసన పొగొచ్చేది. బిస్కెట్ డబ్బా వెనక దాచి అమ్ముతున్నావని మా మనవరాలే చెప్పింది.”

అతను దరఖాస్తు ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

“ముప్పై ఏళ్లు పుగాకు గ్రేడింగ్ చేశాను. ఆకు వాసన చూసి గ్రేడు చెప్పేదాన్ని. మా పిల్ల దగ్గర మామిడిపండు వాసనొస్తే పండు తినొచ్చిందనుకున్నా. కార్తీకమాసంలో మామిడిపండెక్కడిదని నాకు తట్టలేదు.”

“నేను మానేస్తే పక్కవీధిలో ఇంకొకడు అమ్ముతాడండీ.”

ఆమె దరఖాస్తు మడిచి అతని చేతిలో పెట్టింది.

“అమ్మనీ. వాడికి ఎవరి సంతకం కావాలో కనుక్కుని, వాడికంటే ముందు నేనే వాళ్లింటికి వెళ్తా.”