చప్పుడు చేయని మోటారు

సూర్యాపేటలో బస్సులు ఆగే చోట, ఫకీరా చాయ్ దుకాణం ముందు బల్ల మీద మంగయ్య మిస్త్రీ కూర్చున్నాడంటే చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే. పోలీసు యాక్షన్ అయి ఇంకా ఏడాది నిండలేదు. మంగయ్య కొలువు చేసిన దొర తన నల్ల మోటారెక్కి పట్నం పారిపోయాడు. మంగయ్యకు మిగిలినవి పానాల పెట్టె, మెడలో దొర ఇచ్చిన జరీ అంచు పట్టు రుమాలు, ఒక నోరు. మోటారు పని లేకపోయినా నోటికి పని తప్పలేదు.

ఆ రోజు వింటున్నది చాయ్ పోసే ఫకీరా, ఎడ్లబండి తోలే గోప్యా. బల్ల చివర మిర్యాలగూడ బస్సు కోసం ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు సైదమ్మ. కొడుకు జాడ అడగడానికి కచేరీకొచ్చి, జవాబు లేక తిరిగి పోతోందని ఫకీరా చెవిలో చెప్పాడు. అయ్యో అనుకున్నాడు మంగయ్య. కానీ కొత్తగా వినేవాళ్లు కనబడితే ఆయన గొంతు దానంతటదే లేస్తుంది.

“పోయినేడు ముచ్చట. పెట్రోలు యాడ దొరుకుతుండె? ఇండియా యూనియనోళ్లు సరిహద్దుల ఆపేసిరి. దొర మోటార్ల గాసునూనె కలిపి పోసేది. ఇగ సూడు, నాలుగడుగులకోసారి ఢాం! దొర వస్తున్నడని మైలు ముంగటనే దండోరా. పట్నం మిస్త్రీలు ముగ్గురు సూసి చేతులెత్తేసిండ్రు. నేనేం జేసిన? గుర్రం తోక వెంట్రుక తెంపి కార్బురేటర్ల పెట్రోలు జారే జెట్టు తుడిచిన. రవ్వ పుట్టే పాయింట్ల నడుమ సిగరెట్టు కాయితం పెట్టి, కాయితం సర్రున జారిన తావుల టైమింగు బిగించిన. గంతే. ఢాం అనుడు బంద్.”

“గంతేనా?” అన్నాడు గోప్యా.

అక్కడిదాకా చెప్పింది అక్షరాలా నిజం. మంగయ్య అక్కడ ఆగితే పోయేది. గంతేనా అని ఎవరైనా అంటే మాత్రం ఆయన ఒళ్లు ఊరుకోదు.

“గంతేనా అంటవా? నడిచే ఇంజను మీద నిండు చాయ్ పెడితే మీగడ కట్టిందిరా! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? టైమింగు ఒక్క వెంట్రుకంత ముంగటికి జరిపిన. పొద్దున ఆరింటికి ఈడ బయలెల్లిన మోటారు ఐదున్నరకు కోదాడల దిగింది!”

“అరగంట ముంగటనే?” ఫకీరా చేతిలో గ్లాసు ఆగింది.

“కోదాడోళ్లు గూడ గదే అడిగిరి. ‘మిస్త్రీగారూ, మీరింకా బయల్దేరనే లేదు కదండీ’ అని! ఛటాకు పెట్రోలు పోస్తే, పోయొచ్చేసరికి పావుసేరు అయింది. మిగిలింది దొర గడీల దీపాలకు పోసుకున్నరు.”

గోప్యా కడుపు పట్టుకుని నవ్వాడు. మంగయ్య రుమాలు సవరించుకున్నాడు.

“ఇగ సప్పుడా? లోపల కూసున్న దొరే, ఇంజను నడుస్తుందారా అని అడిగేది. తొవ్వల గింజలేరే పిట్టలు, మోటారు మీదికెల్లి పోయినంక తలకాయలెత్తినయ్. ఒకనాడు దొర తిరిగొచ్చి నా బుజం తట్టిండు. ‘మంగా, మాడుగులపల్లి నడూర్లకు జొచ్చినా కుక్క చెవి కదపలేదురా’ అని ఈ రుమాలు కప్పిండు.”

“అది ఏ దినం?”

అడిగింది సైదమ్మ. ముసలమ్మ కూడా వింటున్నందుకు మంగయ్యకు హుషారొచ్చింది. “మిరుగం కార్తె ఎల్లిన మర్నాడు పెద్దమ్మా. ఎందుకు, నీకు గూడ మోటారుందా?”

“మాది మాడుగులపల్లే.”

గోప్యా నవ్వు ఆగిపోయింది.

“కల్వర్టు కాడుండంగనే ఢాం అనేది మీ మోటారు. ఇనంగనే దొర పట్టుకపోతడని మొగోళ్లంత వాగులకు దుంకేది. ఇంటికొక దినం చెవి కాపలా ఏసుకున్నం. ఆ దినం నా వంతు. సప్పుడైతదని అంబలి గూడ కలపలే. కల్వర్టు దిక్కే చెవి పెట్టి కూసున్న. మోటారు వాకిట్లకొచ్చినంక సూసిన. నా కొడుకు బీరయ్యతోని నలుగురిని దొర మనుషులు తీస్కపోయిండ్రు. ఒక్కడు రాలే. ముసల్ది కునుకు తీసిందని ఊరంత అన్నది. నా కోడలు నా చేతి బువ్వ తింటలేదు. ఏడాదాయె, పండుకున్ననేమోనని నేను గూడ అనుకుంటున్న.”

 ఎవరూ నమ్మకపోతే బాగుండుననిపించడం మంగయ్యకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. “అవన్ని కోతలు పెద్దమ్మా. నేనా మోటారు ముట్టనే లేదు.”

“ముట్టకపోతే నేను పండుకున్నట్టే గద బిడ్డా?”

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే మంగయ్య ఇంకో నాలుగు అబద్ధాలు ఆడేసేవాడే. ఆమె అడుగుతున్నది ఒక్క జవాబు. అది తన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

“లేదు,” అన్నాడు నేల చూస్తూ. “నేనే జేసిన. నువ్వు పండుకోలే. అది సప్పుడు జెయ్యలే.”

 సైదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “గీ మాట మా ఊర్ల చెప్తవా? నా కోడలి ముంగట?”

“ఈన మాట ఎవ్వలు నమ్ముతరమ్మా?” గోప్యా మెల్లగా అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. అందుకే మంగయ్యకు ఎక్కువ గుచ్చుకుంది.

“ఆ జరీ అంచు దొర మెడల మా ఊరంత సూసిండ్రు,” అంది సైదమ్మ. “రుమాలు కట్టుకోనే రా.”

మంగయ్యకు భయమేసింది. కొడుకులు పోయిన ఆ ఊళ్లో ఆ రుమాలుతో అడుగుపెడితే తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. బస్సు వచ్చింది. సైదమ్మ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని పక్కన చోటు వదిలింది. ఆయన పానాల పెట్టె ఫకీరాకు అప్పజెప్పి ఎక్కాడు.

చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకోబోయాడు. గుర్రం వెంట్రుక తీసేశాడు, సిగరెట్టు కాయితం తీసేశాడు. చివరికి రెండు ముక్కలే మిగిలాయి. నేనే జేసిన. అది సప్పుడు జెయ్యలే.

బస్సు కదలబోతూ వెనక ఢాం అంది. లోపల ఎవరూ పట్టించుకోలేదు. సైదమ్మ ఒక్కతే సీటులోంచి దిగ్గున లేచి, “ఉరుకు బీరా! ఉరుకు!” అని కేక పెట్టింది.

మంగయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. రుమాలు ముడి మాత్రం విప్పలేదు.