గడప దగ్గర పేరు

చిక్కపేటలో ఒక బట్టల వర్తకుడి పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చూడవచ్చినవాళ్లకు ఇల్లు తిప్పి చూపించే అనూష ఆ ఇంటి ఇల్లాలి వేషంలోనూ, గిరీష్ వర్తకుడు సొన్నప్ప వేషంలోనూ వంటింటి తలుపు వెనక నిలబడి ఉన్నారు. అనూష ఒంగి రోలు చాటున దాక్కుంది.

“నవ్వద్దు గిరీష్, మీసం ఊడిపోతాది.”

“ఊడితే ఊడనీ. నువ్వు రోలు చాటున దాక్కుంటే నవ్వు రాదా?”

“నడవలో పచ్చచీర ఆమె ఉండాదే... పద్మావతమ్మ.”

“ఏ పద్మావతమ్మ?”

“ఆదివారం నన్ను చూసేదానికి వస్తారని... వాళ్ల కొడుక్కు. ఫోటోలు ఇచ్చిపుచ్చుకున్నారు.”

“పెళ్లిచూపులా?”

“సుమ్మనే, ఊరికే చూసిపోతారంట.”

“నాకు చెప్పనే లేదు.”

“నీకెందుకు చెప్పాల?”

“అవును. నాకెందుకు.”

“మీసం వంకరగా ఉండాది. సరిగా పెట్టుకో.”

“ఉండనీలే.”

“నాది ఆఫీసు పని అని మా అమ్మ వాళ్లకు చెప్పినాది. ఇట్లా వేషం కట్టి నీకు తాంబూలం చుట్టిచ్చేది చూస్తే సంబంధం పోతాది. ఈ పూట నువ్వొక్కడే చూపించప్పా.”

“పోతే ఏమి?”

“ఏమన్నావు?”

“ఏమీ లేదు. జనం ఇంట్లో ఉన్నంతసేపు మనం మొగుడూ పెళ్లాం. వేషం విడిచేది లేదు, రూలు అది. అదో, వచ్చేసినారు, పచ్చచీర ఆమే ముందు... రండమ్మా, రండి! నేను సొన్నప్పను. ఈమె నా ఇల్లాలు.”

“చిన్నపిల్ల మాదిరి ఉండాదే! పిల్లలెంతమందమ్మా?”

“ఏడు... ఏడుగురమ్మా.”

“ఏడుగురా! నడుము చూస్తే అట్లా లేదే.”

“నూనె మర్దన తల్లీ. రోజూ నేనే...”

“ఏమండీ! మీరు సుమ్మనుండండి. ఇదో, తాంబూలం.”

“చూసినారా, అదిలించి మళ్లీ ఆకు ఇస్తాది. నా సున్నం పాళ్లు ఈమెకు తప్ప ఎవరికీ తెలీదు.”

“నిజంగానే నములుతా ఉండావే నాయనా!”

“ముందు నాకు ఆకు, వక్క అంటేనే పడేది కాదమ్మా. ఈమె చుట్టిస్తా ఉంటే... అలవాటయిపోయినాది.”

“ఓహో. అయితే ఒకటి అడుగుతా. మా ఇండ్లల్లో కొత్త కోడల్ని గడప బయట నిలబెట్టి మొగుడి పేరు చెప్పమంటారు. చెప్పందే లోపలికి రానియ్యరు. మీ కాలంలోనూ ఉండె కదా?”

“ఉండె, ఉండె! ఏమే, పో, గడప అవతల నిలబడు.”

“ఏమండీ, నాకు సిగ్గు.”

“సిగ్గు నిజంగానే వచ్చినాది, చెవులు ఎర్రగా అయినాయి చూడు! చెప్పమ్మా, ఎవరి పెళ్లానివి?”

“మా... మా ఆయన...”

“ఆయన సరే. పేరు, పేరు!”

“గిరీష్.”

“ఏమే!”

“అయ్యో... కాదు, కాదు... సొన్నప్ప! సొన్నప్పే!”

“బోర్డు మీద సొన్నప్ప అనే ఉండాది, చదివినాను. మరి గిరీష్ ఎవరు?”

“నే... నేనేనమ్మా.”

“మీసం ఊడింది, పట్టుకో నాయనా.”

“ఊడనీలెండమ్మా.”

“నువ్వు లోపలికి రా తల్లీ, పేరు చెప్పేసినావు కదా, గడప దాటు. ఆదివారం మేము రామని మీ అమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అనూషా?”