రెండో చరణం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా పసిపాప ఏడ్చినప్పుడు నాకు వినపడదేమోనని. ఒక మధ్యాహ్నం మా అక్క నా ఫోన్‌లోకి ఒక పాత పాట దింపి, ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టింది.

“ఒక చెవికి చాలక్కా.”

“రెండో చెవి ఎక్కడ తాకట్టు పెట్టావే?”

“పాప దగ్గర.”

“అది హాయిగా పడుకుంది. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేది నువ్వే.”

“నన్ను బడి మాన్పించి కుట్టుషాపులో చేర్చారే, అప్పుడు రేడియోలో రోజూ వచ్చేదీ పాట. మిషన్ల చప్పుడులో రెండో చరణం ఒక్కనాడూ సరిగ్గా వినలేదు.”

“ఇప్పుడు మిషన్లు లేవుగా, విను.”

“మధ్యలో ఏడిస్తే?”

“ఇద్దర్ని పెంచినదాన్ని, నీ పిల్లని ఎత్తుకోలేనా?”

“ఊపిరి కూడా చూస్తావా? ముక్కు దగ్గర వేలు పెట్టి?”

“పెడతాలే తల్లీ! కళ్ళు మూసుకో.”

పాట అయిపోయింది.

“ఏమే, ఏడుస్తున్నావా?”

“ఎంత బాగుందక్కా రెండో చరణం! ఇంకొక్కసారి వింటాను. నువ్వు లేవకు.”

మీ పక్కింట్లో పసిబిడ్డ తల్లి ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. పాప ఎలా ఉందని అందరూ అడుగుతారు. మీరు ఆమె ఎలా ఉందో అడగండి.