హిజ్కియా అన్న ఐదు నిమిషాల పాఠం

అయ్యలారా, అమ్మలారా, హిజ్కియా అన్న బిడ్డలారా,

తాష్కెంట్ నుంచి, బుఖారా నుంచి కూడా వచ్చారు మీరు. మన సమర్‌కంద్ యూదుల వాడలో ఇంతమంది మనవాళ్ళని ఒక్కచోట చూసి ఎన్నేళ్ళయిందో! ఇలా చూస్తే అందరికంటే ఎక్కువ సంతోషించాల్సినవాడు లేడు. హిజ్కియా అన్న పోయి ఇవాళ్టికి ఏడో రోజు.

నన్ను మాట్లాడమన్నది ఆయన కూతురు సివ్యో. "నేనెందుకమ్మా, ఆయనకి కావలసినవాళ్ళు ఇంతమంది ఉండగా?" అన్నాను. "మీరే మాట్లాడాలి, మనశే బాబాయ్" అంది. ఎందుకో పెద్దవాళ్ళకి కొంత తెలుసు. పెద్దవాళ్ళకి కూడా తెలియంది ఒకటుంది. అదీ చెప్తాను.

ఆయన బజారు గేటు పక్కన చెప్పులు కుట్టేవాడు. మధ్యలో ఒక్క ఏడాది తప్ప, ఇరవై ఆరేళ్ళు రోజూ పొద్దున ప్రార్థన కాగానే మందిరంలో ఐదు నిమిషాలు మన ధర్మశాస్త్రం తోరా నుంచి పాఠం చెప్పాడు. రోజుకొక్క నియమం, అంతే. చెప్పులు తొడిగేటప్పుడు కుడికాలు ముందు, బూటు తాడు కట్టేటప్పుడు ఎడమకాలు ముందు. ఇది చెప్పిన రోజు తనే నవ్వాడు: "ఇది నా కొట్టు వ్యవహారం, జాగ్రత్తగా వినండి!" పస్కా పండక్కి బియ్యం మూడుసార్లు ఏరాలి. మనం తినకముందు గొడ్డుకి మేత పడాలి. పెద్ద చదువులేం చదవలేదు. కానీ ఈ వాడలో ఎన్ని పొయ్యిలు ఆ ఐదు నిమిషాల మాట మీద వెలిగాయి? ఎన్ని ఇళ్ళల్లో పొద్దు ఆ మాటతో మొదలైంది?

మా ఇల్లూ అంతే. నా భార్య బులోర్ ఒక్క పాఠం కూడా వదిలేది కాదు. ఆమెకి షుగరు జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి.

పదిహేనేళ్ళ కిందట, తప్పులకి క్షమాపణ అడిగే మన ఉపవాస పండగ యోమ్ కిప్పూర్‌కి రెండు రోజుల ముందు, ఆయన ఉపవాసం గురించి చెప్పాడు. "పొద్దు కుంకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా తిండి లేదు. నీళ్ళు లేవు. చుక్క కూడా లేదు." ఇంకా చెప్పబోతున్నాడు. బయట ఫ్యాక్టరీ బస్సు హారన్ మోగింది. జనం లేచారు. "జబ్బు మనుషుల సంగతి వేరే ఉంది. అది రేపు" అన్నాడు.

మర్నాడు పాఠం లేదు. కట్టాకుర్గాన్ ఊళ్ళో ఎవరో పోతే ఆయన్ని అంత్యక్రియలకి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి పొద్దు కుంకుతోంది, ఉపవాసం, పండగ ప్రార్థన మొదలైపోయాయి.

పండగ పొద్దున బులోర్ సూది వేసుకుంది, ఏమీ తినలేదు. తినమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఆయన మిగతాది చెప్పలేదుగా. చెప్పనిదాన్ని నేనెలా చేస్తాను? నువ్వు బస్సు తోలుకో, శాస్త్రం నీకెందుకు?" అంది. మధ్యాహ్నం ప్రార్థనలో ఒరిగిపోయింది. మళ్ళీ కళ్ళు తెరవలేదు. మూడో రోజు పోయింది.

అవును, బస్సు తోలేవాణ్ణి. ఆ పొద్దున హారన్ కొట్టింది ఎవరు? నేనే. ఐదు నిమిషాలు లేటని విసుక్కుంటూ రెండుసార్లు కొట్టాను. మోత అందరూ విన్నారు, కానీ మిగతా సగాన్ని మింగింది అదేనని ఇవాళ్టిదాకా ఇద్దరికే తెలుసు, నాకూ ఆయనకీ.

బులోర్ పోయాక ఆయన మా ఇంటికొచ్చాడు. గడప పక్కన నేలమీద కూర్చున్నాడు. "మనశే, నేను సగమే చెప్పాను. ఆ సగమే మీ ఇంటికొచ్చింది" అన్నాడు. హారన్ మాట ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని భయపడ్డాను. ఆ భయంతోనే అరిచాను: "నా పెళ్ళాన్ని చంపింది నువ్వు! లే! బయటికి పో!" మన వాడ మొత్తం విన్నది. లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని ఎంతమంది ఎన్ని మాటలన్నారు! ఒక్కమాట చెప్తే చాలు, సగం నింద నామీదకి వచ్చేది. పదిహేనేళ్ళు ఆ మాట నోట్లోనే దాచుకున్నాడు.

ఏడాదిపాటు పాఠం చెప్పలేదు. పెద్దలు బతిమాలితే మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఏ నియమమైనా ముందు ఎవరికి మినహాయింపో చెప్పేవాడు, ఆ తర్వాతే నియమం. కిప్పూర్ వస్తే చేతిలో చిన్న టీ గిన్నె పట్టుకుని జబ్బుమనుషుల ఇళ్ళన్నీ తిరిగేవాడు, కొంచెం కొంచెంగా ఎంత తాగాలో కొలిచి చూపించడానికి. ఇదిగో, మూడో వరసలో కూర్చున్న రువేన్ తాత గుండెజబ్బుతో కూడా తాగనన్నాడు. "చెప్పులు కుట్టేవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు. హిజ్కియా అన్న అక్కడే చతికిలబడ్డాడు. "మొన్నే నీ చెప్పులకి కొత్త అడుగులు వేశాను. అవి అరిగేదాకా నిన్ను చావనివ్వను. తాగు!" తాగాడు. ఏం తాతా, నిజమేనా? చూశారా, తలూపుతున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళు.

మరి నేనేం చేశాను? మందిరంలోకి అడుగు పెట్టలేదు. కానీ రోజూ పాఠం వేళకి వెనక గోడ దగ్గర, కిటికీ కింద నిలబడేవాణ్ణి. ఆయన నోట మళ్ళీ తప్పొస్తుందేమో, పట్టుకుందామని. ఒక చలికాలం, మంచు పడుతున్న పొద్దున, ఆ కిటికీ రెక్క తెరుచుకుంది. లోపల జనం ఒకటే గోల: "మూసెయ్యవయ్యా, గడ్డకట్టి చస్తున్నాం!" ఆయన గొంతు వినిపించింది: "నాకు ఉక్కగా ఉంది." జనవరిలో ఉక్క! ఆ రోజు నుంచి పాఠం ఉన్నంతసేపూ కిటికీ తెరిచే ఉండేది. నాకు అర్థమైంది. అయినా లోపలికి వెళ్ళలేదు.

ఏటా కిప్పూర్ ముందురోజు నా గుమ్మం ముందుకొచ్చేవాడు, క్షమించమని. తలుపు తియ్యకుండా "సరే, పో" అనేవాణ్ణి. అది క్షమాపణ కాదని ఆయనకీ తెలుసు. మళ్ళీ ఏడాదికి మళ్ళీ వచ్చేవాడు.

పోయిన వారం సివ్యో వచ్చింది. "నాన్న లేవలేకపోతున్నాడు బాబాయ్, మిమ్మల్ని చూడాలంటున్నాడు." బస్సు రిపేరుంది, శుక్రవారం వస్తానని చెప్పమ్మా అన్నాను. రిపేరేం లేదు. గురువారం పొద్దున్నే ఆయన పోయాడు.

అప్పట్నుంచీ పొద్దున ఏడు కాగానే, పాఠం వేళకి, నా కాళ్ళు ఆ గోడ దగ్గరికే పోతున్నాయి. లోపల పాఠం చెప్పేవాళ్ళు ఎవరూ లేరని తెలుసు. అయినా గొంతు వినిపిస్తుంది. ఏదో చెప్పబోతుంటుంది. అంతలో హారన్ మోగుతుంది. రోడ్డు వైపు చూస్తే బస్సు ఉండదు. అక్కడితో ఆగిపోతుంది. మిగతాది నాకెవరు చెప్తారు?

మనం బాధపెట్టిన మనిషి మనం అడక్కముందే పోతే, పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవాలి. అది శాస్త్రం. బులోర్ పోయిన నెలకి హిజ్కియా అన్న అలాగే వెళ్ళాడు. గేటు బయట నిలబడి చూశాను. చెప్పులు విప్పి, మట్టిలో నిలబడి, తప్పంతా తనదేనన్నాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి శ్మశానం గేటు దగ్గర ఉంటాను. నాకు పదిమంది కావాలి. పేరుపెట్టి ఎవర్నీ అడగను, అడిగే ముఖం నాకు లేదు. రాదలచుకున్నవాళ్ళు రండి.

ఇప్పుడు లేవండి. పిల్లల్ని కూడా లేపండి. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. ఎప్పుడు చాలో నేను చెప్పను. సివ్యో కూర్చున్నాక కూర్చుందాం.